పాత కారు జాతకం

సంతలో ఎద్దును కొనే రైతు ముందుగా ఏం చేస్తాడో మీలో పల్లెటూళ్ల నుంచి వచ్చినవాళ్లు చూసే వుంటారు. ఎద్దు నోరు తెరిచి పళ్లు చూస్తాడు. ఎన్ని పళ్లు వచ్చాయి, ఎంత అరిగాయి అన్నదాన్ని బట్టి దాని వయసు లెక్క కడతాడు. తర్వాత నాలుగడుగులు నడిపించి చూస్తాడు. అమ్మేవాడు పక్కన నిలబడి ఎంత పొగిడినా అతని చెవికెక్కదు. పళ్లు చెప్పిందే లెక్క.

మరి పాత కారును కొనేటప్పుడో? కారుకు పళ్లు లేవు. పైన కొత్త రంగు కొట్టి, సీట్లకు కవర్లు తొడిగి, టైర్లకు నల్లగా మెరిసే నూనె రాస్తే పదమూడేళ్ల కారు కూడా పెళ్లికొడుకులా నిలబడుతుంది. దాని వయసూ, అది పడ్డ కష్టమూ ఎక్కడ చూడాలి?

ఈ ప్రశ్న 2024 మార్చిలో నా దగ్గరకు వచ్చింది. మా అక్కయ్య కొడుకు ఇంగ్లండులో ఒక వృద్ధాశ్రమంలో పనిచేస్తున్నాడు. రాత్రి డ్యూటీ. పది దాటితే ఆ దారిలో బస్సు లేదు. చలికాలమంతా సైకిలు తొక్కి, తిండి దగ్గర కూడా మిగుల్చుకుని 2,600 పౌండ్లు కూడబెట్టాడు. ఒక ఆదివారం ఫోను చేశాడు.

"మామయ్యా, రెండు కార్లు చూశాను. ఒకటి అద్దంలా వుంది. 68 వేల మైళ్లే తిరిగిందట. సరిగ్గా నా దగ్గరున్న డబ్బే అడుగుతున్నాడు. రెండోది 2,200కి వస్తుంది గానీ 97 వేలు తిరిగింది, చూడ్డానికి కూడా బాగాలేదు. మొదటిదే తీసుకుందామనుకుంటున్నాను, మీరేమంటారు?"

నేను స్కూటరు తప్ప మరేదీ నడిపినవాణ్ణి కాను. ఆ మాటే చెప్పబోతుండగా అతను మరో సంగతి అన్నాడు. ఆ దేశంలో నంబరు ప్లేటు మీద వున్న అక్షరాలూ అంకెలూ టైపు చేస్తే, ఆ కారుకు ఏయే సంవత్సరాల్లో తనిఖీ జరిగిందో, ప్యాసయిందో ఫెయిలయిందో, ఆ రోజు మీటరులో ఎన్ని మైళ్లున్నాయో ప్రభుత్వమే ఉచితంగా చూపిస్తుందట. అదీ సంగతి! పళ్లు అక్కడున్నాయన్నమాట. "ముందు డబ్బివ్వకురా. ఆ అంకెలన్నీ నాకు పంపు" అన్నాను.

ఏటేటా ఒక పరీక్ష

బ్రిటన్‌లో ఈ తనిఖీని ఎం.ఓ.టి. పరీక్ష అంటారు. మినిస్ట్రీ ఆఫ్ ట్రాన్స్‌పోర్ట్ అనే రవాణా మంత్రిత్వ శాఖ పేరులోని మొదటి అక్షరాలవి. ఆ శాఖ పేరు ఎప్పుడో మారిపోయింది గాని, పరీక్షకు మాత్రం పాత పేరే నిలిచిపోయింది. 1960 సెప్టెంబరులో దీన్ని మొదలుపెట్టినప్పుడు పదేళ్లు దాటిన బండ్లకే పరీక్ష. అదీ బ్రేకులు, దీపాలు, స్టీరింగు, అంతే. వచ్చిన బండ్లలో ఫెయిలయినవి మరీ ఎక్కువగా వుండడంతో మరుసటి ఏడే పదేళ్లను ఏడేళ్లకు, 1967లో మూడేళ్లకు తగ్గించారు. 1968లో టైర్లు చేరాయి. ఇంగ్లండు, స్కాట్లండు, వేల్సులలో కారు కొన్న మూడేళ్లకు మొదటి పరీక్ష, ఆపైన ఏటా ఒకటి. 2005 నుంచి ఫలితాలు కంప్యూటర్లలోకి ఎక్కడం మొదలయింది. ఇవాళ మనకు కనబడే చరిత్ర అక్కడి నుంచే.

పరీక్షలో ఏం చూస్తారు? అన్నీ చెప్పుకుంటూపోతే పేజీలు చాలవు. నాకు బాగా నచ్చింది బ్రేకు పరీక్ష, ఎందుకంటే అది మీ పాఠ్యపుస్తకంలోని న్యూటన్ రెండో సూత్రమే. కారు చక్రాలను నేలలో అమర్చిన రోలర్ల మీద నిలబెడతారు. రోలర్లు చక్రాలను తిప్పుతుంటాయి. అప్పుడు బ్రేకు తొక్కుతారు. ఒక్కొక్క చక్రం రోలరును ఎంత బలంతో ఆపుతుందో యంత్రం కొలుస్తుంది. నాలుగు చక్రాల బలాలనూ కూడి కారు బరువుతో భాగిస్తారు. ఆ భాగఫలం 2010 సెప్టెంబరుకు ముందు రోడ్డెక్కిన కార్లకు కనీసం 50 శాతం, తర్వాత వచ్చినవాటికి 58 శాతం వుండాలి.

బలాన్ని బరువుతో భాగిస్తే వచ్చేది ఏమిటి? బలం అంటే ద్రవ్యరాశిని త్వరణంతో గుణించింది. బరువు అంటే అదే ద్రవ్యరాశిని గురుత్వ త్వరణంతో గుణించింది. ద్రవ్యరాశి పైనా కిందా కొట్టివేత అవుతుంది. కనుక 50 శాతం అంటే, కారు వేగాన్ని సెకనుకు 4.9 మీటర్లు/సెకను చొప్పున తగ్గించగలదని అర్థం. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 20 మీటర్లతో పోతున్న కారు బ్రేకు పట్టిన తర్వాత దాదాపు 41 మీటర్లలో ఆగుతుంది. అదే బ్రేకు శక్తి 35 శాతానికి పడిపోతే 58 మీటర్లు కావాలి. ఆ తేడా 17 మీటర్లు, అంటే బస్సున్నర పొడవు. ముందు ఎవరో రోడ్డు దాటుతున్నారనుకోండి, మిగతా లెక్క నేను వేయనక్కరలేదు.

తరగతి గదిలో రెండు కార్లు

మావాడు పంపిన అంకెలను తొమ్మిదో తరగతి పిల్లల చేత గ్రాఫు కాగితం మీద గీయించాను. 'దూరం - కాలం గ్రాఫు' పాఠం అప్పటికే అయిపోయింది. వారికిది పునశ్చరణ, నాకు ఆరుగురు గుమాస్తాల సహాయం. అడ్డంగా సంవత్సరాలు, నిలువుగా మైళ్లు. ఇంగ్లండు కార్లలో దూరం మైళ్లలో వుంటుంది. మైలు అంటే 1.609 కిలోమీటర్లు.

అద్దంలాంటి మొదటి కారు 2011 నాటిది. ప్రతి ఫిబ్రవరిలోనూ పరీక్ష. 2014లో 24,300. 2015లో 33,000. తర్వాత వరసగా 41,700, 50,600, 59,200, 67,900. 2020లో 76,500. చుక్కలన్నీ కలిపితే స్కేలు పెట్టి గీసినట్టు సరళరేఖ. దాని వాలు ఏడాదికి ఇంచుమించు 8,700 మైళ్లు. ఎవరో ఒకే ఉద్యోగానికి ఒకే దారిలో రోజూ వెళ్లివస్తున్నట్టు నాకనిపించింది.

2021లో 80,100. వాలు ఒక్కసారిగా పడిపోయింది. "సార్, కారు చెడిపోయిందా?" అని ఒకడు అడిగాడు. అతని పక్కనున్న పిల్లే జవాబు చెప్పింది: "కరోనా సార్." నిజమే. 2020 మార్చి 23న బ్రిటన్‌లో లాక్‌డౌన్ పెట్టారు. కార్లు ఇళ్ల ముందే నిలిచిపోయాయి. ఆ ఏడాది మార్చి చివరి నుంచి జులై దాకా గడువు పడిన బండ్లకు పరీక్షకు మరో ఆరు నెలలు వాయిదా కూడా ఇచ్చారు. కాబట్టి అప్పటి చరిత్రలో ఖాళీ కనబడితే దాన్ని కారు తప్పు అనుకోకూడదు.

2022లో 88,700. రేఖ మళ్లీ పాత దారిలో పడింది. 2023లో 62,400.

తరగతి నిశ్శబ్దమయింది. దూరం - కాలం గ్రాఫులో మొత్తం ప్రయాణించిన దూరం ఎన్నటికీ తగ్గదని కిందటి వారమే వారి చేత రాయించాను. బల్ల చివర కూర్చునే కుర్రాడు చెయ్యెత్తాడు. "సార్, కారును రివర్సులో నడిపితే మీటరు తగ్గుతుందా?"

మంచి ప్రశ్న. పాత రకం ఓడోమీటరులో అంకెల చక్రాలు పక్కపక్కన వుండేవి. కుడిచివరి చక్రం ఒక చుట్టు పూర్తి చేయగానే దాని పన్ను ఎడమ పక్క చక్రాన్ని పదో వంతు తోసేది. మనం కూడికలో ఒకటి చేతిలో వుంచుకున్నట్టే! అయిదు చక్రాల మీటరు 99,999 తర్వాత మళ్లీ సున్నాలకు వచ్చేది. అలాంటి వాటిలో కొన్ని రివర్సులో వెనక్కి తిరిగేవి కూడా. ఇప్పటి కార్లలో చక్రాలు తిరిగినకొద్దీ ఒక సెన్సారు విద్యుత్ స్పందనలను పంపుతుంది. 60 సెంటీమీటర్ల వ్యాసం వున్న చక్రం మైలుకు దాదాపు 854 చుట్లు తిరుగుతుంది. ఎన్ని చుట్లో తెలిస్తే ఎన్ని మైళ్లో తెలిసినట్టే. టైరు అరిగి వ్యాసం కాస్త తగ్గితే మీటరు ఉన్నదానికన్నా కొంచెం ఎక్కువే చూపిస్తుందని మీరే ఊహించగలరు. ఈ లెక్కంతా ఒక జ్ఞాపక చిప్‌లో చేరుతుంది. ముందుకు పోయినా వెనక్కి పోయినా అది పెరగడమే గాని తగ్గడం లేదు.

పోనీ, తగ్గుతుందనే అనుకుందాం. 88,700 నుంచి 62,400కు రావాలంటే 26,300 మైళ్లు వెనక్కి నడవాలి. భూమధ్యరేఖ దగ్గర భూమి చుట్టుకొలతే 24,900 మైళ్లు. ఎవరో ఆ కారులో భూగోళాన్ని రివర్సు గేరులో చుట్టివచ్చి వుండాలి! పిల్లలు నవ్వీ నవ్వీ అలిసిపోయారు.

చిప్‌లోని అంకెను తగిన పరికరంతో మార్చేవాళ్లున్నారు. మన దగ్గర దీన్నే మీటరు వెనక్కి తిప్పడం అంటారు. 2023 నాటికి కారు ఉండవలసింది సుమారు 97,400 దగ్గర. తర్వాతి ఏడాది మీటరు 68,100 చూపింది, అంటే 5,700 పెరిగింది. ఆ రెండూ కలిపితే అసలు దూరం 1,03,100 మైళ్లు, దాదాపు 1,66,000 కిలోమీటర్లు. తక్కువ తిరిగిందని ఎక్కువ ధర చెబుతున్న కారే నిజానికి ఎక్కువ తిరిగిందన్నమాట.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మీటరు పెట్టె చెడిపోతే కొత్తది బిగించడం కూడా వుంటుంది. అప్పుడూ గ్రాఫు ఇలాగే విరుగుతుంది. అలా మార్చినవాడి దగ్గర బిల్లు వుంటుంది. మావాడు వెళ్లి అడిగితే అమ్మేవాడు "మీటరు మార్చారట, నేను కొనకముందు సంగతి" అన్నాడట. బిల్లు లేదు. అతను మోసగాడని మన గ్రాఫు రుజువు చేయలేదు, అతనే మోసపోయి వుండవచ్చు. 68 అనే అంకెకు విలువ లేదని మాత్రం రుజువయింది. మావాడికి కావలసింది అంతే.

రెండో కారు మరో తమాషా. 2018లో 58,900. 2019లో 65,300. 2020లో 17,800! "ఇదీ దొంగే సార్" అని అరిచారు. తొందరపడకండి, తర్వాతి చుక్కలు పెట్టండి అన్నాను. 2021లో 74,600. తర్వాత 82,000, 90,100, 2024లో 97,300. ఒక్క చుక్క పాతాళంలో పడింది గాని, రేఖ మళ్లీ తన దారికి తాను వచ్చేసింది. మీటరు తిప్పినవాడు మరుసటి ఏడు దాన్ని మళ్లీ పైకి తిప్పుతాడా? 17,800లో మొదటి రెండు అంకెలను తారుమారు చేసి చూడండి. 71,800 వస్తుంది. సరిగ్గా రేఖ మీద కూర్చుంటుంది. టైపు చేసినవాడి చేతిపొరపాటు. ఒక్క చుక్క పడి లేస్తే పొరపాటు కావచ్చు, పడిన చోటి నుంచే కొత్త రేఖ మొదలయితే అనుమానించాలి. ప్రయోగశాలలో మీ రీడింగుల విషయంలో కూడా నేను చెప్పేది ఇదే గదా!

ఫెయిలయిన కారు మంచిదా?

ఆ రెండో కారు 2021లో ఫెయిలయింది. కారణం: బ్రేకు గొట్టాలు తుప్పుపట్టడం, ఒక టైరు గాడి లోతు 1.6 మిల్లీమీటర్ల కన్నా తగ్గిపోవడం. నాలుగు రోజుల తర్వాత మళ్లీ పరీక్షకు వెళ్లి ప్యాసయింది. మావాడు ఇది చూసే భయపడ్డాడు. నేను మాత్రం సంతోషించాను. లోపం దొరికింది, మరమ్మతు జరిగింది, రెండూ కాగితం మీద వున్నాయి.

బ్రేకు గొట్టం తుప్పు చిన్న సంగతి కాదు. పెడలు మీద కాలు వేసిన ఒత్తిడి గొట్టంలోని ద్రవం ద్వారా నాలుగు చక్రాలకూ చేరుతుంది. ఇది పాస్కల్ నియమం. గొట్టం ఒకచోట పగిలితే ద్రవం కారిపోతుంది, ఆ వైపు ఒత్తిడి చేరదు. అందుకే ఇప్పటి కార్లలో రెండు వేరు వేరు వరసల గొట్టాలు పెడతారు, ఒకటి పోయినా రెండోది కొంతవరకు ఆపుతుంది. కొంతవరకే.

ఇంగ్లండులో తుప్పు అంతగా ఎందుకు పడుతుంది? చలికాలంలో రోడ్డు మీద నీరు గడ్డకట్టకుండా ఉప్పు చల్లుతారు. చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గనిలో తవ్వే రాతి ఉప్పు ఇందుకే ఎక్కువగా పోతుంది. ఉప్పు కలిసిన నీరు సున్నా డిగ్రీల కన్నా దిగువన గాని గడ్డకట్టదు. రోడ్డుకు మేలే. కాని ఇనుము తుప్పుపట్టడం ఒక విద్యుత్ రసాయన చర్య. ఉప్పునీరు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తుంది కనుక ఆ చర్య వేగం పుంజుకుంటుంది. చక్రాలు చిమ్మిన ఉప్పునీరు కారు అడుగుభాగంలో మూలమూలకూ చేరుతుంది. మన కోస్తా ఊళ్లలో కిటికీ చువ్వలు ఎంత త్వరగా తినేస్తాయో చూశారు గదా, అదే కథ.

2018 మే నుంచి అక్కడ లోపాలను తరగతులుగా రాస్తున్నారు. ప్రమాదకరం, పెద్ద లోపం అని వస్తే ఫెయిలు. చిన్న లోపం అయితే ప్యాసే. ఇవి గాక 'సలహా' అని ఒకటుంది. ఇంకా లోపం కాలేదు, కనిపెట్టి వుండు అని దాని అర్థం. నా దృష్టిలో చరిత్రంతటిలోకీ విలువైనవి ఈ సలహాలే. రెండో కారుకు 2022లో ఒక సలహా: వెనక చక్రం దగ్గర అడుగు రేకుకు తుప్పు. 2023లో మళ్లీ అదే. 2024లో ఆ మాటే లేదు!

బాగుచేశారా? బాగుచేస్తే బిల్లేది? లేక పైన ఏదైనా పూశారా? పరీక్ష చేసేవాడు భాగాలు విప్పి చూడకూడదని నియమం. పైకి కనబడేదాన్ని చూడటం, తట్టి, నొక్కి చూడటం, అంతే. నల్లని తారులాంటి పూత దట్టంగా పూస్తే లోపలి తుప్పు దాక్కుంటుంది. ఇంకొకటి: ఇంజను, క్లచ్, గేరుపెట్టెల పరిస్థితి ఈ పరీక్షలోకి రానేరాదు. ప్యాసయిన కాగితం ఆ రోజు సంగతి చెబుతుంది. మర్నాటికి హామీ ఇవ్వదు. మీరు మార్చిలో పాసయిన లెక్కల పరీక్ష లాంటిదే అది.

అందుచేత మావాణ్ణి ఒక స్వతంత్ర మెకానిక్కును వెంటబెట్టుకుని వెళ్లమన్నాను. అమ్మేవాడు చూపించిన మెకానిక్కును వద్దన్నాను. కారును పైకెత్తి చూస్తే బ్రేకు గొట్టాలు నిజంగానే కొత్తవి. వెనక రేకు మీద మాత్రం కొత్తగా పూసిన నల్ల పూత. మెకానిక్ గీకితే లోపల అరచేతి వెడల్పున రేకు పొరలుగా లేచింది. వెల్డింగు చేస్తే పోయేదే, 250 పౌండ్లవుతుందన్నాడు. మావాడు ఆ గీకిన చోటును ఫోటో తీసి, 2022, 2023 సలహాలు రెండూ ముందుపెట్టి బేరమాడి 1,950కి తీసుకున్నాడు. వెల్డింగు ఖర్చుతో కలిపి సరిగ్గా 2,200. మిగిలిన నాలుగు వందలు బీమాకు పనికొచ్చాయి.

మన దగ్గర?

ఇది చదివి, మా నాన్నగారు కొనబోయే కారుకు కూడా ఇలా గ్రాఫు గీయవచ్చా అని మీరడుగుతారు. అంత సులువు కాదు. మన దేశంలో సొంత కారు రిజిస్ట్రేషను పదిహేనేళ్లు చెల్లుతుంది, అది ముగిసి మళ్లీ చేయించుకునేటప్పుడే ఫిట్‌నెస్ పరీక్ష. లారీలు, బస్సులు, ఆటోల వంటి వాటికి మాత్రం ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, తర్వాత ఏటా ఎఫ్.సి. చేయించాలి. సొంత కారుకు ఏటేటా వుండేది పొల్యూషన్ పరీక్ష ఒక్కటే. అది పొగ సంగతి చెబుతుంది, బ్రేకుల సంగతి చెప్పదు. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొడితే రిజిస్ట్రేషను తేదీ, ఫిట్‌నెస్, బీమా, పొల్యూషన్ సర్టిఫికెట్ల గడువులు కనబడతాయి. మైళ్లు గాని కిలోమీటర్లు గాని వుండవు.

అయితే చుక్కలు మనమే ఏరుకోవచ్చు. సర్వీసింగు బిల్లుల మీద తేదీ, కిలోమీటర్లు రెండూ రాస్తారు. నాలుగు బిల్లులు దొరికితే నాలుగు చుక్కలు. టైరు పక్కన చిన్న అక్షరాల చివర నాలుగంకెలుంటాయి. 2319 అని వుంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారయిందని అర్థం. 2021లో కొన్న కారు, ఇరవై వేల కిలోమీటర్లే తిరిగిందంటారు, నాలుగు టైర్లూ 2024లో తయారయినవి. మరి మొదటి టైర్లు ఏమయ్యాయి? అడగండి. హైదరాబాదులో 2020 అక్టోబరులో, విజయవాడలో 2024 సెప్టెంబరులో కార్లు నీట మునిగాయి. సీటు బెల్టును పూర్తిగా బయటికి లాగి చూస్తే, కడగడానికి ఎవరికీ తోచని ఆ చివర బురద చార కనబడవచ్చు.

మావాడి కారు 2025 ఫిబ్రవరిలో పరీక్షకు వెళ్లింది. మొదటిసారి ఫెయిలు! డ్రైవరు వైపు వైపరు రబ్బరు చిరిగి అద్దాన్ని సరిగా తుడవలేదట. "మామయ్యా, ఇంత చిన్నదానికి ఫెయిలా" అని చిరాకుపడ్డాడు. రబ్బరు మార్పించి మళ్లీ చూపిస్తే ప్యాసయింది. మీటరులో 1,05,900. ఆ అంకెను తరగతిలో చెబితే, పదో తరగతికి వచ్చిన నా పాత గుమాస్తాలు బీరువాలోంచి ఆ గ్రాఫు తీసి చుక్క పెట్టబోయారు. కాగితం లక్ష దగ్గరే అయిపోయింది. పైన ఇంకో కాగితం అతికించవలసి వచ్చింది.